పిల్లలు ఇష్టపడే తిండిలో జంక్ ఏది? ఒక స్నాక్స్ డబ్బా, మూడు కొలతలు

క్లుప్తంగా: ‘జంక్’ అన్న మాటకు మన ఆహార చట్టంలో నిర్వచనం లేదు. పోషకాలను బట్టి చూస్తే ఒక తీర్పు, తయారీని బట్టి చూస్తే మరో తీర్పు వస్తాయి. పిల్లల విషయంలో ఈ రెంటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది, ఆ పదార్థం రోజుకు ఎన్నిసార్లు వస్తోంది, ఏ తిండిని పక్కకు నెడుతోంది అన్నది. ఆ లెక్కన చూస్తే, అందరూ జంక్ అని ఒప్పుకునే చిప్స్ కంటే ‘బలానికి’ అని రోజూ ఇచ్చే పొడులు, బిస్కెట్లు, పండ్ల పానీయాలను ముందుగా పరిశీలించాలి.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో బడికి వెళ్ళే పిల్లల సంచిలో సాధారణంగా రెండు డబ్బాలు ఉంటాయి. పెరుగన్నమో, పులిహోరో, చపాతీయో పెట్టే పెద్ద డబ్బా గురించి తగువు రాదు. తగువంతా పొద్దున షార్ట్ బ్రేక్‌కు పెట్టే చిన్న డబ్బా దగ్గరే. ‘జంక్ పంపవద్దు’ అని బడి డైరీలో రాసి ఉంటుంది, కానీ ఏది జంకో ఉండదు. చిప్స్ ప్యాకెట్టును వెనక్కి పంపే బడే క్రీమ్ బిస్కెట్లను చూసీ చూడనట్టు వదిలేయవచ్చు. గుంటూరు నుంచో అనంతపురం నుంచో అమ్మమ్మ పంపిన జంతికలు నూనెలో వేగినవి కాబట్టి జంక్ అవుతాయా? డబ్బా మీద రాగి కంకి బొమ్మ ఉంది కాబట్టి రాగి బిస్కెట్ జంక్ కాకుండా పోతుందా? ఈ ప్రశ్నలకు ఒక్క మాటలో జవాబు దొరకకపోవడానికి తల్లిదండ్రుల అవగాహన లోపం కారణం కాదు. ఆ మాటే నిలకడ లేనిది.

చట్టం వాడని మాట

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ‘జంక్ ఫుడ్’ అనే వర్గం లేదు. నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ఆ మాటకు బదులు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న ఆహారం అనే అర్థంలో హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ అన్న సంక్షిప్త పదాన్ని వాడుతుంది. 2020లో బడి పిల్లల ఆహారం గురించి ఆ సంస్థ తెచ్చిన నిబంధనలు, ఇలాంటి పదార్థాలను బడి ఆవరణలో గానీ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మరాదని చెబుతున్నాయి. ఆ పరిధిలో వాటి ప్రకటనలకూ అనుమతి లేదు.

నిబంధన కట్టడి చేసింది అమ్మకాన్ని. ఇంటి నుంచి డబ్బాలో వచ్చేది దాని పరిధిలోకి రాదు, స్కూలు బస్సు దిగే చోట, అపార్ట్‌మెంటు గేటు పక్కన ఉండే దుకాణం కూడా రాదు. పది నిమిషాల్లో సరుకు ఇంటికి చేర్చే యాప్‌లకు అలవాటు పడిన బెంగళూరులో 50 మీటర్లు అన్న కొలతకే పెద్దగా అర్థం మిగల్లేదు. కాబట్టి ఏది జంక్ అన్న నిర్ణయం వాస్తవంలో ఇంటి వంటగదిలోనే జరుగుతోంది, చేతికి అందిన ఏదో ఒక కొలతతో.

కొలత మారితే తీర్పు మారుతుంది

మొదటి కొలత పోషకాలది. 100 గ్రాముల్లో చక్కెర ఎంత, ఉప్పు ఎంత, సంతృప్త కొవ్వు ఎంత అని చూసి, గీత దాటినదాన్ని పక్కన పెట్టడం. చక్కెర విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో గీసిన గీత అందరికీ తెలిసినదే: కలిపిన చక్కెర, తేనె, పండ్ల రసాల్లోని చక్కెర అన్నీ కలిసి రోజు మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. ఈ కొలత సూటిగా ఉంటుంది, లేబుల్ చూసి ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. అయితే దీనితో వచ్చే చిక్కులు తక్కువేమీ కావు. నెయ్యి వేసి కట్టిన సున్నుండ ఈ పరీక్షలో తప్పుతుంది. చక్కెర బదులు కృత్రిమ తీపి కలిపిన కోలా చక్కెర పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది.

రెండో కొలత తయారీది. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మాంటెయిరో బృందం 2009 తర్వాత ప్రచారంలోకి తెచ్చిన ‘నోవా’ వర్గీకరణ ఆహారాన్ని నాలుగు గుంపులుగా విడదీస్తుంది. బియ్యం, పప్పు, పాలు, పండ్లు మొదటి గుంపులో ఉంటాయి. నూనె, నెయ్యి, ఉప్పు, చక్కెర వంటి వంట దినుసులది రెండో గుంపు. ఆ రెంటినీ కలిపి నిలవ ఉండేలా చేసిన సాదా పదార్థాలు మూడో గుంపు. ఇంటి వంటగదిలో ఉండని ఎమల్సిఫయర్లు (నూనె, నీళ్ళు విడిపోకుండా ఉంచేవి), రుచి పెంచే పదార్థాలు, పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ వంటివి కలిపి ఫ్యాక్టరీలో రూపొందించినవి నాలుగో గుంపు, అంటే అతిగా ప్రాసెస్ చేసినవి. ఈ లెక్కలో జంతికలు, సున్నుండలు నాలుగో గుంపును తప్పించుకుంటాయి. మల్టీగ్రెయిన్ బిస్కెట్, రంగురంగుల సీరియల్, ఇన్‌స్టంట్ నూడుల్స్ నాలుగో గుంపులో చేరతాయి. కానీ చిక్కు ఇక్కడా ఉంది. తల్లిపాలు అందని శిశువుకు తప్పనిసరి అయ్యే పాలపొడి ఫార్ములా కూడా ఇదే గుంపులోకి వస్తుంది. దాన్ని జంక్ అనడం అర్థం లేని పని.

తయారీకి అసలు ప్రాధాన్యం ఉందా, అంతా చక్కెర, కొవ్వుల మహిమేనా అన్న సందేహం చాలాకాలం ఉండేది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం ఈ విషయంలో ముఖ్యమైనది. 20 మంది పెద్దవాళ్ళను ఆసుపత్రి వార్డులోనే ఉంచి, రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం, మరో రెండు వారాలు అలా చేయని ఆహారం ఇచ్చారు. వడ్డించిన పళ్ళెంలో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండు సందర్భాల్లోనూ సమానంగానే ఉన్నాయి, ఎంత తినాలన్నది మాత్రం వాళ్ళ ఇష్టానికే వదిలారు. మొదటి రకం తిన్న రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. మెత్తగా ఉండి నమిలే పని లేని తిండి వేగంగా లోపలికి వెళుతుందని, కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు చేరేలోపే ఎక్కువ తినేస్తారని ఒక వివరణ. పిల్లల మీద చేసిన ప్రయోగం కాదు కాబట్టి అంకెలను వాళ్ళకు యథాతథంగా అంటగట్టలేం. నోట్లో పెట్టగానే కరిగిపోయే మొక్కజొన్న పఫ్‌లు తినే పిల్లవాణ్ణీ, ఉడికించిన వేరుశెనక్కాయలు ఒలుచుకు తినే పిల్లవాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తే మాత్రం ఆ వివరణ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. ఒకడి ప్యాకెట్టు ఖాళీ అయ్యేసరికి రెండోవాడు అయిదో కాయ ఒలుస్తుంటాడు.

మూడో కొలత ఏ లేబుల్ మీదా ఉండదు. ఆ పదార్థం ఎన్ని రోజులకొకసారి వస్తోంది, ఏ పూట వస్తోంది, దాని వల్ల ఏ తిండి తగ్గుతోంది అన్నదే ఆ కొలత. అయిదేళ్ళ పిల్లల కడుపు చిన్నది. సాయంత్రం అయిదింటికి తీపి పానీయం, నాలుగు బిస్కెట్లు పడితే ఏడున్నరకు పప్పన్నం సగంలోనే ఆగిపోతుంది. ‘మా వాడు అన్నం తినడండీ’ అన్న ఫిర్యాదు వెనక ఈ రెండున్నర గంటల వ్యవధి ఎంత ఉందో చాలా ఇళ్ళలో లెక్క చూడరు. అన్నం తినలేదన్న బెంగతో పడుకునే ముందు మళ్ళీ ఒక గ్లాసు మాల్ట్ పొడి పాలు ఇస్తారు. మరునాడు ఉదయం ఆకలి మందగిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, అదే సర్వేలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో అధిక బరువు నాలుగో విడతలోని 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగింది. లోపమూ, అధికమూ ఒకే దేశంలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో ఎలా ఉంటాయన్న ప్రశ్నకు, కేలరీలు తెచ్చి పోషకాలు తేని తిండి ఒక జవాబు.

బలం పేరుతో వచ్చేవి

చిప్స్, కోలా, లాలిపాప్‌ల గురించి ఎవరికీ భ్రమలు లేవు. వాటిని ఇచ్చేటప్పుడే ‘ఈ ఒక్కసారికి’ అనుకుంటారు కాబట్టి ఒక కట్టడి ఉంటుంది. కట్టడి లేనివి, మంచివనుకుని ఇచ్చేవే.

పాలలో కలిపే మాల్ట్, చాక్లెట్ పొడుల సంగతి 2023 ఏప్రిల్‌లో వార్తల్లోకెక్కింది. బోర్న్‌విటాలో చక్కెర గురించి సోషల్ మీడియాలో వచ్చిన ఒక వీడియో దేశమంతటా చర్చకు దారితీసింది, కంపెనీ ఆ ఆరోపణలను ఖండించింది, జాతీయ బాలల హక్కుల కమిషన్ నోటీసు ఇచ్చింది. అదే ఏడాది చివరికి 100 గ్రాముల పొడిలో కలిపిన చక్కెరను 37.4 నుంచి 32.2 గ్రాములకు తగ్గించారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ వర్గం నుంచి తీసేయాలని ఆన్‌లైన్ దుకాణాలకు సూచించింది. కారణం ఆసక్తికరమైనది: ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే వర్గమే లేదు. దశాబ్దాలపాటు తల్లులు నమ్మిన మాటకు చట్టంలో చోటు లేదన్నమాట. ఆ నెలలోనే హార్లిక్స్ యజమాని హిందుస్థాన్ యూనిలీవర్ ఆ వర్గానికి ‘ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్’ అని కొత్త పేరు పెట్టుకుంది.

తగ్గిన తర్వాతి అంకెతోనే లెక్క చూద్దాం. ఒక గ్లాసుకు 20 గ్రాముల పొడి అని డబ్బా చెబుతుంది, అందులో కలిపిన చక్కెర దాదాపు 6.4 గ్రాములు. ఇంట్లో చెంచా చదునుగా కాకుండా గుట్టగా పడుతుంది, రెండు చెంచాలకు 30 గ్రాములు అనుకుంటే ఉదయం, రాత్రి కలిపి 60 గ్రాముల పొడి, సుమారు 19 గ్రాముల చక్కెర. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు రోజుకు 1360 కేలరీలు చాలునని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అందులో 5 శాతం అంటే 17 గ్రాముల చక్కెర. బిస్కెట్టూ జామూ ముట్టకముందే, కేవలం ‘బలానికి’ ఇచ్చిన పాలతోనే ఆ పరిమితి దాటిపోయింది. పొడిలో విటమిన్లు, ఇనుము కలిపి ఉంటాయన్నది నిజమే. అవి చక్కెరను రద్దు చేయవు, అంతే. పాలలో సహజంగా ఉండే చక్కెర అయిన లాక్టోజ్‌ను ఈ లెక్కలో చేర్చనక్కర్లేదు కాబట్టి, ఏ పొడీ లేని పాలకు ఈ సమస్య లేదు.

రాగి బిస్కెట్ది ఇంకో కథ. కర్ణాటకలో రాగి మీద ఉన్న గౌరవం పాతది, న్యాయమైనది కూడా. 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అది పాలకు దాదాపు మూడు రెట్లు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్న తర్వాత ఆ పేరుతో బిస్కెట్లు, నూడుల్స్, పఫ్‌లు దుకాణాల్లో వరసలు కట్టాయి. ప్యాకెట్టు ముందు వైపు కంకి, వెనుక వైపు చిన్న అక్షరాల జాబితా. ఆ జాబితాను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం కాబట్టి మొదటి మూడు పేర్లు చూస్తే చాలు. గోధుమ పిండో మైదానో, పామ్ నూనె, చక్కెర ముందుండి, రాగి నాలుగో పేరుగా వస్తే అది రాగి వాసన ఉన్న మామూలు బిస్కెట్. ఏమీ పేరు పెట్టుకోని సాదా గ్లూకోజ్ బిస్కెట్లో 100 గ్రాములకు 25 గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. దానికీ దీనికీ తేడా రెండు ప్యాకెట్ల మీది చక్కెర అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

పండ్ల పానీయాలు, ముఖ్యంగా మామిడివి, కోలాకు ‘మంచి’ ప్రత్యామ్నాయంగా చెల్లుబాటవుతున్నాయి. కోలాలో 100 మిల్లీలీటర్లకు 10 నుంచి 11 గ్రాముల చక్కెర ఉంటే, చాలా మామిడి పానీయాల్లోనూ 10 నుంచి 15 గ్రాముల మధ్యే ఉంటుంది. పండు గుజ్జు అందులో కొద్ది భాగమే, మిగతాది నీళ్ళు, చక్కెర.

వీటన్నిటికన్నా గట్టి ఉదాహరణ మందుల దుకాణంలోనే దొరికింది. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే అసలైన ఓఆర్‌ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, లెక్కగా ఉప్పులు ఉంటాయి. పేరులో ‘ఓఆర్‌ఎస్’ అని పెట్టుకుని అంతకు ఎన్నో రెట్లు చక్కెరతో టెట్రా ప్యాకెట్లలో అమ్మిన పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు పోరాడారు. చక్కెర మోతాదు మించితే పేగుల్లోకి నీరు మరింతగా వచ్చి విరేచనాలు పెరుగుతాయన్నది ఆమె వాదనకు ఆధారమైన శాస్త్రం. సూత్రానికి లోబడని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండరాదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ఆదేశించింది. మిఠాయి దుకాణంలో అమ్మితే జంక్ అనిపించేది మందుల దుకాణంలో అమ్మితే మందు అనిపించింది. లోపల ఉన్నది మారలేదు.

లేబుల్ ఎవరి లెక్కలో మాట్లాడుతుంది

లేబుల్ చదవమని చెప్పడం తేలిక. చదివినవాళ్ళు కూడా పొరపాటు పడటానికి ఒక కారణం ఉంది. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం, ఒక సర్వింగ్ రోజువారీ అవసరంలో ఎంత శాతమో ప్యాకెట్టు చెప్పాలి. ఆ శాతాన్ని రోజుకు 2000 కేలరీలు, 50 గ్రాముల కలిపిన చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం అనే ఆధారంతో లెక్కిస్తారు. అది పెద్దవాళ్ళ లెక్క. కార్టూన్ బొమ్మ ఉన్న సీరియల్ డబ్బా మీద చక్కెర 20 శాతం అని ఉంటే, అది నాన్నకు 20 శాతం. 10 శాతం పరిమితిని అనుకున్నా అయిదేళ్ళ కూతురికి రోజుకు 34 గ్రాములే కాబట్టి ఆమెకు అది దాదాపు 30 శాతం, 5 శాతం పరిమితి పెట్టుకుంటే దాదాపు 60 శాతం.

ఉప్పుదీ ఇదే తీరు. 70 గ్రాముల ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్టులో మసాలా పొట్లంతో కలిపి సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాములు పరిమితి అనుకుంటే అది అయిదింట రెండు వంతులు. అదే పరిమితిని పిల్లల శక్తి అవసరానికి తగ్గించి లెక్కిస్తే మూడున్నర గ్రాములే వస్తుంది, అంటే ఒక్క గిన్నెతో సగానికి పైగా అయిపోయింది. సగం పొట్లమే వేసి, క్యారెట్, బఠాణీ, గుడ్డు కలిపే ఇళ్ళలో ఆ గిన్నె స్వభావమే మారుతుందన్నది నిజం, లేబుల్‌కు అది తెలియదు. సర్వింగ్ పరిమాణం కూడా అలాంటిదే. ఒక సర్వింగ్ రెండు బిస్కెట్లు అని రాస్తారు, ప్యాకెట్టు తెరిచాక రెండు దగ్గర ఆగే పిల్లలు అరుదు.

100 చదరపు సెంటీమీటర్ల లోపు ఉన్న చిన్న ప్యాకెట్లకు పోషక పట్టిక నుంచే మినహాయింపు ఉంది. రూపాయి, రెండు రూపాయల టాఫీలకు పట్టిక కనబడకపోవడానికి కారణం అది.

బేకరీ మూల

లేబుల్ అన్నదే లేనివి కొన్ని ఉన్నాయి, బెంగళూరుకు అవి ప్రత్యేకం. ప్రతి కూడలిలో ఉండే అయ్యంగార్ బేకరీ గాజు అరలో సాయంత్రం నాలుగు దాటాక చూస్తే వెజ్ పఫ్, ఖారా బన్, దిల్‌పసంద్, ఎర్రటి జామ్ పూసి కొబ్బరి పొడి చల్లిన హనీ కేక్ వరసగా కనబడతాయి. హనీ కేక్ ముక్కను కాగితం మీద పెట్టి ఒక నిమిషం ఆగితే కాగితం తడిసిపోతుంది, అది స్పాంజికి పట్టించిన పాకం. పఫ్ పొరలు పొరలుగా విడిపోవడానికి పొరల మధ్య గట్టి కొవ్వు కావాలి, నూనెతో ఆ పని జరగదు. ఒకప్పుడు ఆ కొవ్వు, నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే హానికర కొవ్వు అయిన ట్రాన్స్‌ఫ్యాట్ ఎక్కువగా ఉన్న వనస్పతి. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించరాదన్న నియమం 2022 జనవరి నుంచి అమలయ్యాక ఆ ప్రమాదం తగ్గింది. దాని స్థానంలోకి వచ్చిన పామ్ ఆధారిత కొవ్వుల్లో దాదాపు సగం సంతృప్త కొవ్వే.

అయితే అదే అరలో నిప్పట్టు ఉంటుంది, మన చెక్కలకు కన్నడ చుట్టం. కారం, కరివేపాకు పట్టించిన ‘కాంగ్రెస్ కడలెబీజ’ ఉంటుంది, ఉప్పు సంగతి అలా ఉంచితే అది వేరుశెనగపప్పే. బేకరీ అంతా ఒకటే జంక్ అనడానికి వీల్లేదు. పఫ్‌కూ కడలెబీజకూ మధ్య ఉన్న దూరం, పఫ్‌కూ క్రీమ్ బిస్కెట్టుకూ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ.

కల్తీ వేరు, జంక్ వేరు

ఈ చర్చలో తరచూ కలిసిపోయే రెండు సంగతులను విడదీయాలి. 2015 జూన్‌లో మ్యాగీ నూడుల్స్‌ను నిషేధించింది సీసం పరిమితి దాటిందన్న పరీక్షల మీద. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, నవంబరులో నూడుల్స్ మళ్ళీ దుకాణాలకు వచ్చాయి. ఆ వివాదమంతా భద్రతకు సంబంధించినది. మైదా, ఉప్పు, పామ్ నూనెల ప్రశ్న దానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం పీచుమిఠాయిలో, గోబీ మంచూరియాలో రోడమైన్-బి వంటి కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించినప్పుడు కూడా అలాగే జరిగింది. రంగు తీసేసిన పీచుమిఠాయి భద్రమైనది, అయినా అది చక్కెర దారాల ముద్దే. ‘ఇప్పుడు రంగు వేయడం లేదు’ అన్న బోర్డు చూసి ఇది పిల్లలకు మంచిదేనని అనుకుంటే రెండు ప్రశ్నలకు ఒకే జవాబు రాసినట్టవుతుంది.

చిక్కీ ఎటువైపు

ఇంటి పిండివంటల విషయంలో ప్రభుత్వాలకే ఒక మాట లేదు. ఆంధ్రప్రదేశ్ బడుల మధ్యాహ్న భోజనంలో పల్లీ చిక్కీ పోషకాహారంగా స్థానం పొందింది. కర్ణాటకలో గుడ్డు తినని పిల్లలకు అరటిపండుతో పాటు చిక్కీ కూడా ఇచ్చేవారు, 2025 ఆరంభంలో నిల్వ సమస్యలను, కొవ్వు, చక్కెరలను కారణంగా చూపి దాన్ని ఆపేశారు. సరిహద్దు దాటితే ఒకే పట్టి పోషకాహారం నుంచి అనుమానాస్పద పదార్థంగా మారింది.

ఇద్దరి వాదనలోనూ కొంత బలం ఉంది. వేరుశెనగలో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులు, కొవ్వులో ఎక్కువ భాగం మేలైన అసంతృప్త రకం. కాబట్టి కొవ్వు పేరుతో చిక్కీని తప్పుపట్టడం అంత నిలబడే వాదన కాదు. బెల్లం మాట వేరు. బెల్లం ఆరోగ్యమని మన ఇళ్ళలో గట్టి నమ్మకం ఉంది, అందులో కొద్దిగా ఖనిజాలు ఉన్న మాటా నిజమే, కానీ ప్రధానంగా అది సుక్రోజ్, అంటే మామూలు చక్కెరలో ఉండేదే. శరీరం దాన్ని చక్కెర గానే లెక్కిస్తుంది, పాకంలా పళ్ళకు అంటుకుంటే పంటి బ్యాక్టీరియా కూడా అలాగే లెక్కిస్తుంది. రోజూ ఒక పూట సరిగ్గా తినని పిల్లలకు ఒక చిక్కీ పట్టి అదనపు శక్తి. మూడు పూటలా తిని, మధ్యలో బిస్కెట్లూ మాల్ట్ పాలూ తాగే పిల్లలకు అదే పట్టి పైబరువు. అరిసెలు, జంతికలు పండక్కి చేసినంత కాలం ఈ ప్రశ్నే రాలేదు. బెంగళూరులో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో స్వగృహ దుకాణాలు ఏడాది పొడుగునా వాటిని కిలోల లెక్కన అమ్ముతున్నప్పుడు వస్తోంది. పిండివంట మారలేదు, క్యాలెండర్ మారింది.

పన్నులు, నక్షత్రాలు, హెచ్చరికలు

ప్రభుత్వ విధానం కూడా ఇలాగే రెండు దిక్కులకు లాగుతోంది. 2025 మేలో సీబీఎస్‌ఈ తన బడుల్లో ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో చూపే ‘షుగర్ బోర్డులు’ పెట్టమని చెప్పింది. ఆ సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్టీ మార్పుల్లో కార్బొనేటెడ్ పానీయాలు 40 శాతం శ్లాబులోకి వెళ్ళగా, బిస్కెట్లు, చాక్లెట్లు, నమ్కీన్, ఇన్‌స్టంట్ నూడుల్స్, గ్యాస్ లేని పండ్ల పానీయాలు 5 శాతానికి దిగాయి. బుడగలున్న చక్కెర నీళ్ళు పాపం, బుడగలు లేనివి నిత్యావసరం అన్న అర్థం వచ్చేలా ఉంది ఈ అమరిక. బ్రిటన్ 2018లో తెచ్చిన శీతల పానీయాల లెవీ ఇందుకు భిన్నంగా 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, 8 గ్రాములు అని చక్కెర మోతాదునే గీతలుగా పెట్టుకుంది. దాంతో చాలా కంపెనీలు గీత కిందికి రావడానికి తయారీ సూత్రాలనే మార్చుకున్నాయి. పన్ను పేరును బట్టి కాక మోతాదును బట్టి పడితే జరిగేది ఇది.

ప్యాకెట్టు ముందు భాగం మీద ఏం ముద్రించాలన్నది ఇంకా తేలలేదు. 2022 సెప్టెంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ప్రతిపాదించిన ముసాయిదాలో అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల వరకు రేటింగ్ ఉంది. అందులో చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వులకు మార్కులు తగ్గుతాయి, పీచు, గింజలు, పండ్ల భాగానికి పెరుగుతాయి. విమర్శ కూడా ఈ కూడికతీసివేతల మీదే: తీపి బిస్కెట్టుకు గుప్పెడు ఓట్లు కలిపి నక్షత్రం సంపాదించవచ్చు. చిలీ 2016లో ఎంచుకున్న దారి వేరు. అక్కడ చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలలో ఏది మించినా దానికి ఒక నల్లటి అష్టభుజి ముద్ర పడుతుంది, మంచి గుణం చెడ్డదాన్ని కప్పదు, ముద్ర పడిన డబ్బా మీద కార్టూన్ బొమ్మ ఉండకూడదు. మన దగ్గర ఈ విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నిపుణుల కమిటీ సిఫార్సులకు 2025 ఏప్రిల్‌లో మూడు నెలల గడువిచ్చిన కోర్టు, తర్వాత దాన్ని పొడిగించింది.

నక్షత్రాలైనా, అష్టభుజులైనా వచ్చిన రోజున మొదట మారేవి మాల్ట్ పొడులు, సీరియళ్ళు, రాగి పేరున్న బిస్కెట్లు, ఎందుకంటే వాటి వ్యాపారమంతా ప్యాకెట్టు ముందు భాగం మీదే నడుస్తోంది. చిప్స్ అమ్మకాలకు ముద్ర పెద్ద వార్త కాకపోవచ్చు, కొనేవాళ్ళకు ముందే తెలుసు. గాజు అరలోని పఫ్‌కూ, స్వగృహ దుకాణంలో తూకం వేసి పాలిథిన్ సంచిలో కట్టిచ్చే జంతికలకూ ముద్ర వేయడానికి ప్యాకెట్టే లేదు కాబట్టి, అవి ఎన్ని రోజులకొకసారి ఇంటికి రావాలన్న లెక్క అప్పుడు కూడా ఇంట్లోనే వేసుకోవాలి.